బాధపెట్టే బంధం వైపే మనసు ఎందుకు లాగుతుంది? ఆ పట్టును సడలించుకోవడం ఎలా?

ఒక బంధం తమకు మేలు చేయడం లేదని తెలిసిన తరువాత కూడా దానిలోనే ఉండిపోయేవారు ఉంటారు. బయటికి వచ్చి మళ్లీ అక్కడికే తిరిగి వెళ్లేవారూ, ఒకటి ముగిశాక అచ్చం అలాంటి మనిషినే మరొకరిని వెతుక్కునేవారూ ఉంటారు. వారిని చూసి చుట్టూ ఉన్నవారు సాధారణంగా రెండు తీర్పులు చెబుతారు: అంత ప్రేమ ఉంది కాబోలు అన్నది ఒకటి, ఆత్మాభిమానం లేదు అన్నది మరొకటి. చెప్పేవారికి ఈ రెండూ సులువైన మాటలే గానీ, అనుభవించేవారికి ఏ ఒక్కటీ దారి చూపదు. మనసు ఎంత బలంగా లాగుతోందన్న దాన్ని బట్టి అవతలి వ్యక్తి విలువనో, మీ ప్రేమ లోతునో కొలవడానికి వీల్లేదు. ఆ బంధంలో ఆదరణ ఎంత అనిశ్చితంగా, ఎంత ఎదురుచూపు తరువాత దొరుకుతోందన్నదే ఆ లాగుడులో ఎక్కువగా కనిపిస్తుంది. కింది మెట్లన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి. వాటిని వరుసలోనే పాటించండి, ముఖ్యంగా మొదటిదాన్ని దాటవేయవద్దు.

1. ముందుగా ప్రమాదం ఉందో లేదో తేల్చుకోండి

కొట్టడం, గొంతు పట్టుకోవడం, ఆయుధం చూపించడం, చంపుతానని బెదిరించడం, మీరు ఎక్కడికి వెళ్లినా వెంటబడి కనిపెట్టడం, ఇష్టం లేకపోయినా లైంగికంగా బలవంతపెట్టడం వంటివాటిలో ఏ ఒక్కటి జరిగినా, మీ ముందున్న మొదటి ప్రశ్న భద్రతే; మనసు ఎందుకు లాగుతోందన్న విచారణ దాని తరువాతే. గొంతు నొక్కడాన్ని ఒక్కసారే కదా అని తీసిపారేయవద్దు. గృహహింస మీద పరిశోధించే జాక్విలిన్ క్యాంప్‌బెల్ బృందం అమెరికాలోని 11 నగరాల్లో జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, భాగస్వామి చేతిలో ప్రాణాలు పోయే ప్రమాదాన్ని పెంచే అంశాలలో బెదిరింపులు, ఆయుధాల అందుబాటుతో పాటు, అతిగా అదుపు చేసే మనిషి నుంచి విడిపోవడం కూడా ఉన్నట్టు తేలింది. అంటే, వెళ్లిపోవాలన్న నిర్ణయం ఎంత సరైనదైనా, వెళ్లిపోయే సమయం చాలా జాగ్రత్తగా గడపవలసిన సమయం.

కాబట్టి విడిపోతున్నానని ముందుగా ప్రకటించవద్దు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరు తోడుంటారో ముందే నిశ్చయించుకొని, గుర్తింపు పత్రాలు, మందులు, కొంత డబ్బు ఒకచోట అందుబాటులో ఉంచుకొని, గృహహింస బాధితులకు సాయం చేసే సంస్థవారితో మాట్లాడి, ఆ తరువాతే కదలాలి. మీ ఫోన్‌ను అవతలి వ్యక్తి చూసే అవకాశం ఉంటే ఈ విషయాలు అందులో వెతకకండి. లొకేషన్ షేరింగ్‌ను ఉన్నట్టుండి ఆపేయడం కూడా అనుమానం రేపుతుంది గనుక, నమ్మకమైన మరొకరి ఫోన్ వాడుకోవడం మేలు. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవారు కింద ఐదో మెట్టులో చెప్పిన పరీక్ష చేయకూడదు.

2. జరిగినది జరిగినట్టు రాయండి

అవతలి వ్యక్తికి దొరకని చోట ఒక నోటుపుస్తకం పెట్టుకోండి, లేదా వారికి తెలియని ఖాతాలో రాసుకోండి. కొన్ని వారాల పాటు, ఏదైనా జరిగిన రోజు రాత్రే రాయాలి. రాజీ కుదిరిన మర్నాడు రాస్తే, అప్పటికే మనసు ఆ సంఘటనను సర్దేసి ఉంటుంది. మనం నమ్మేదానికీ చేసేదానికీ పొంతన లేనప్పుడు, ఆ ఇబ్బందిని తగ్గించుకోవడానికి మనసు ఏదో ఒకదాన్ని మార్చుకుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో ప్రతిపాదించాడు. నన్ను అవమానించే మనిషితో నేను ఉంటున్నాను అన్న ఎరుకతో బతకడం కష్టం. అందుకే 'పని ఒత్తిడి వల్ల అలా అన్నారు', 'తప్పు నాదీ ఉంది' అన్న సవరణలు వాటంతట అవే వచ్చి చేరతాయి.

రాసేటప్పుడు ఒక్క నియమం పెట్టుకోండి: విశేషణాలు వద్దు. 'దారుణంగా మాట్లాడారు' అని రాయకుండా, అన్న మాటను ఉన్నదున్నట్టు రాయండి. మంచి విషయాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. 'ఎంతో ప్రేమగా ఉన్నారు' అనే బదులు, ఏం చేశారో రాయండి. ఉదాహరణకు ఒక నమోదు ఇలా ఉండవచ్చు:

'ఆదివారం సాయంత్రం. నలుగురిలో నేను మాట్లాడుతుంటే, "నీకు తెలియని విషయాల్లో నోరు పెట్టకు" అన్నారు. ఇంటికి వచ్చాక అడిగితే జవాబు లేదు. సోమవారం రోజంతా మాటల్లేవు. నేనే రెండుసార్లు సారీ చెప్పాను. మంగళవారం మధ్యాహ్నం "తిన్నావా?" అని మెసేజ్ వచ్చింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆదివారం సంగతి మళ్లీ ఎవరమూ ఎత్తలేదు.'

ఇప్పుడు దీన్ని మరొకరి కథలాగా చదవండి. మాట పడినవారే క్షమాపణ అడిగారు. మౌనం ముగిసింది గానీ, మౌనానికి కారణమైన మాట అలాగే ఉండిపోయింది. అన్నిటికంటే గమనించవలసింది ఆ మెసేజ్. తిన్నావా అని ఎవరైనా అడుగుతారు, రోజూ కలిసే సహోద్యోగి కూడా అడుగుతారు. ఆ ఒక్క మాటకు ప్రాణం లేచి వచ్చేంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది? దాని ముందున్న రెండు రోజుల మౌనమే ఆ బరువును ఇచ్చింది.

3. ఊరటను ఆనందం నుంచి విడదీయండి

మీ నోటుపుస్తకంలో 'చాలా సంతోషంగా అనిపించింది' అని ఉన్న ప్రతి చోటా, దానికి ముందు ఏముందో చూడండి. ముందు ఏ బాధా లేకుండా వచ్చిన సంతోషం పక్కన ఒక గుర్తు, బాధ ఆగినందువల్ల వచ్చిన సంతోషం పక్కన మరో గుర్తు పెట్టండి. రెండోది ఊరట. నిప్పు మీద నుంచి చేయి తీయగానే కలిగే హాయి ఎంత నిజమైనదో అదీ అంతే నిజమైనది. అయితే ఆ హాయి కోసం నిప్పుకు రుణపడి ఉండనవసరం లేదు.

ఊరట ఇంత గట్టిగా కట్టిపడేయడానికి కారణం అది ఎప్పుడు దొరుకుతుందో తెలియకపోవడమే. మనస్తత్వ శాస్త్రవేత్తలు బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ కలిసి జంతువుల మీద జరిపిన ప్రయోగాల వివరాలను 1957లో ప్రచురించారు. మీటను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజలు దొరికిన పావురం, గింజలు రావడం ఆగిపోతే కొద్దిసేపటికే పొడవడం మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి, లెక్క తెలియకుండా గింజలు దొరకడానికి అలవాటుపడిన పావురం మాత్రం, ఏమీ రాకపోయినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. బంధంలో కూడా నిలకడగా చెడ్డగా ఉండే మనిషిని వదిలేయడం కొంత సులభం. నాలుగు రోజులు ముఖం చాటేసి, ఐదో రోజు ప్రాణం పెట్టే మనిషిని వదలడమే కష్టం. ఎందుకంటే ఆశను పూర్తిగా వదులుకోవలసిన రోజు ఏదన్నది మీకు ఎప్పటికీ తెలియదు.

మనుషుల విషయంలో దీన్ని నేరుగా పరిశీలించినవారు డొనాల్డ్ డటన్, సుసాన్ పెయింటర్. హింసించే భాగస్వామిని కొద్దికాలం కిందటే విడిచి వచ్చిన 75 మంది స్త్రీలతో వారు మాట్లాడి 1993లో ఫలితాలు ప్రకటించారు. ఇద్దరి మధ్య అధికారంలో పెద్ద తేడా ఉండటం, బాధపెట్టడమూ బుజ్జగించడమూ మారిమారి జరగడం అనే రెండు పరిస్థితులు, విడిపోయిన తరువాత కూడా మిగిలే మమకారానికి గట్టి కారణాలని వారు కనుగొన్నారు. ఆ స్త్రీలలో 25 మంది శారీరక హింస ఎదుర్కొన్నవారు కాదు, మానసిక హింస మాత్రమే ఎదుర్కొన్నవారు. కాబట్టి ఎప్పుడూ చేయి చేసుకోలేదు కదా అన్న వాదన ఇక్కడ నిలబడదు.

మనస్తత్వ శాస్త్రవేత్త లెనోర్ వాకర్ 1979లో వర్ణించిన హింసా చక్రం, అంటే ఉద్రిక్తత పెరగడం, ఒక్కసారిగా పేలిపోవడం, ఆ తరువాత పశ్చాత్తాపంతో కూడిన తీపి రోజులు రావడం, చాలామందికి తమ కథలాగే అనిపిస్తుంది. అయితే ప్రతి బంధమూ ఈ మూడు దశల్లోనే నడవదు. తీపి రోజులు అసలు రాకుండానే, మౌనం ముగియడమే బహుమతిగా మారిన ఇళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి మీ అనుభవాన్ని ఏ చక్రంలోనూ బలవంతంగా ఇరికించకుండా, మీరు రాసుకున్నదాన్నే ఆధారం చేసుకోండి.

4. మిమ్మల్ని పట్టి ఉంచుతున్నది ఏమిటో గుర్తించండి

అనిశ్చితి అందరి విషయంలోనూ పనిచేస్తుంది. మరి కొందరు తొందరగా తప్పుకోగలిగినప్పుడు మరికొందరు ఎందుకు ఉండిపోతారు? దీనికి ఒకే జవాబు లేదు. కింది ప్రశ్నలకు నిజాయితీగా జవాబులు రాసుకుంటే మీకు వర్తించేది ఏదో తెలుస్తుంది.

ఈ తరహా ప్రవర్తన మీకు ముందే పరిచయమా? పసితనంలో పెంచినవారితో ఏర్పడే అనుబంధం జీవితమంతా మన అంచనాలను మలుస్తుందని మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1969 నుంచి వరుసగా రాసిన గ్రంథాల్లో వివరించాడు. సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ 1987లో ఇదే ఆలోచనను ప్రేమబంధాలకు అన్వయించారు. ఆదరణ ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఇంట్లో పెరిగినవారికి, పెద్దల ముఖం చూసి ఆ పూట ఎలా గడుస్తుందో పసిగట్టడం చిన్ననాడే అలవాటవుతుంది. పెద్దయ్యాక అదే నేర్పు అవసరమైన మనిషి ఎదురైతే, ఆ బంధంలో ఎలా మెలగాలో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అది సుఖంగా ఉందని కాదు, తెలిసిన దారి గనుక కాళ్లు అటే నడుస్తాయి. అయితే ఈ వివరణను ఈ మధ్య అతిగా వాడుతున్నారన్నది నా అభిప్రాయం. ఎంతో ప్రేమగా పెరిగినవారు కూడా ఇలాంటి బంధాల్లో చిక్కుకుంటారు. మీ బాల్యంలో ఏమీ దొరకకపోతే తవ్వడం ఆపి, తరువాతి ప్రశ్నకు వెళ్లండి.

అవతలి వ్యక్తి మీ గురించి అనే మాటలు, మీ గురించి మీరు అనుకునే మాటలే కదా? విలియం స్వాన్, ఆయన సహచరులు 1992లో దంపతుల మీద చేసిన పరిశోధనలో, తమ గురించి తాము తక్కువగా భావించేవారు, తమను గొప్పగా చూసే జీవిత భాగస్వామి కంటే తక్కువగా చూసే భాగస్వామికే ఎక్కువ కట్టుబడి ఉన్నట్టు కనిపించింది. వినడానికి విడ్డూరంగా ఉన్నా, కారణం అర్థం కానిది కాదు. మన గురించి మనకున్న అంచనాతో సరిపోయే మాట నమ్మదగినదిగా అనిపిస్తుంది. పొగిడేవారు మనల్ని ఇంకా సరిగ్గా చూడలేదేమో, చూస్తే వదిలేస్తారేమో అన్న భయం మాత్రం వెంటాడుతూనే ఉంటుంది. మీరు మెచ్చుకోలు విన్నప్పుడు ఇబ్బందిపడి, తిట్టు విన్నప్పుడు 'నిజమే చెప్పారు' అనుకునే మనిషైతే, ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి.

ఇంతవరకు పెట్టినదంతా వృథా అవుతుందని వెనుకాడుతున్నారా? వెళితే ఎక్కడికి వెళ్లాలి అన్నదానికి జవాబు లేదా? క్యారిల్ రస్బుల్ట్ 1980ల్లో రూపొందించిన నమూనా ప్రకారం, ఒక బంధానికి మనం కట్టుబడి ఉండటం అందులోని సంతృప్తి మీద మాత్రమే ఆధారపడదు. అందులో పెట్టిన కాలం, శ్రమ, ఉమ్మడి స్నేహితులు, పిల్లలు, ఆస్తి ఒకవైపు, బయట దొరికే ప్రత్యామ్నాయాలు మరోవైపు అంతే బలంగా పనిచేస్తాయి. ఆమె జాన్ మార్ట్జ్‌తో కలిసి ఒక ఆశ్రయ కేంద్రానికి చేరిన స్త్రీల విషయంలో దీన్ని పరిశీలించి 1995లో ప్రచురించింది. ఆర్థికంగా వేరే దారి లేనివారు, బంధంలో ఎక్కువ పెట్టుబడి పెట్టినవారు తిరిగి వెళ్లే అవకాశం ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. ఈ ఫలితం చెప్పే విషయం చాలా ఆచరణాత్మకమైనది. మీ విషయంలో అసలు అడ్డంకి జీతమో, ఇల్లో, పిల్లల చదువో అయితే, మనసును ఎంత విశ్లేషించుకున్నా ప్రయోజనం లేదు. మీ పేరు మీద ఒక ఖాతా, ఒక చిన్న సంపాదన, కొన్ని నెలలు తలదాచుకోవడానికి ఒక చోటు ఏర్పరచుకోవడమే అప్పుడు అసలైన పని.

నేను లేకపోతే ఆ మనిషి ఏమైపోతారో అన్న ఆలోచన కూడా చాలామందిని ఆపుతుంది. ఒకరిని మార్చగలిగేది తానొక్కరే అనుకోవడంలో జాలితో పాటు కొంత గర్వం కూడా కలిసి ఉంటుంది. ఆ గర్వాన్ని ఒప్పుకోవడానికి మనసు రాదు, అందుకే అది ఎక్కువ కాలం దాగి ఉంటుంది.

5. ఒక చిన్న విషయంలో కాదు అని చెప్పి చూడండి

శారీరక ప్రమాదం లేదని మొదటి మెట్టులో తేల్చుకున్నవారికే ఈ మెట్టు. పెద్ద విషయాలు ఎంచుకోవద్దు. 'ఈ ఆదివారం నేను నా స్నేహితురాలిని కలవడానికి వెళ్తున్నాను' అనో, 'రాత్రి పదకొండు దాటాక ఈ విషయం మాట్లాడలేను, రేపు మాట్లాడుకుందాం' అనో మామూలు గొంతుతో చెప్పి, ఆ తరువాత వివరణలు ఇవ్వకుండా ఊరుకోండి. ఆరోగ్యకరమైన బంధంలో కూడా అవతలివారు నొచ్చుకోవచ్చు, ఒక మాట అనవచ్చు, అది సహజం. చూడవలసింది ఆ తరువాతి రోజులను. మీరు చెప్పిన 'కాదు'కు మౌనంతోనో, వెటకారంతోనో, పాత తప్పుల జాబితాతోనో మూల్యం చెల్లించవలసి వచ్చిందా?

మార్పు వచ్చిందా అన్నదాన్ని కూడా ఇలాగే కొలవాలి. కన్నీళ్లు, బహుమతులు, ప్రమాణాలు మార్పుకు సాక్ష్యాలు కావు. మీరు గుర్తు చేయకుండానే, కోపం వచ్చిన రోజున కూడా, నెలల తరబడి ప్రవర్తన వేరుగా ఉంటేనే అది మార్పు.

6. విడిపోవాలని నిశ్చయించుకుంటే, రాకపోకలను నిజంగానే ఆపండి

ఒక్కసారి మాట్లాడి మనసులో మాట చెప్పేస్తే తేలికవుతుందనిపిస్తుంది. అయితే పదిసార్లు మౌనంగా ఉండి పదకొండోసారి జవాబివ్వడం, పైన చెప్పిన పావురం కథనే రెండువైపులా తిరిగి మొదలుపెడుతుంది: ఎదురుచూస్తే దొరుకుతుందని మీ మనసూ, పదకొండుసార్లు ప్రయత్నిస్తే చాలని అవతలివారూ నేర్చుకుంటారు. జవాబులు ఆగిపోగానే అవతలి నుంచి ప్రయత్నాలు మొదట పెరుగుతాయి. ఫోన్లు, ఉత్తరాలు, ఉమ్మడి మిత్రుల రాయబారాలు, ఒక్కోసారి చచ్చిపోతానన్న బెదిరింపులు. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని మీరే పరుగెత్తవద్దు. వెంటనే వారి కుటుంబసభ్యులకో, అత్యవసర సేవలవారికో తెలియజేయండి.

పిల్లల వల్లనో ఉద్యోగం వల్లనో పూర్తిగా ఆపలేనప్పుడు, రాతపూర్వకంగా, ఆ విషయానికే పరిమితమై, రెండు మూడు వాక్యాల్లో ముగించండి. 'శనివారం పది గంటలకు బాబును తీసుకువస్తాను' అన్నది చాలు. 'నువ్వు మారావనుకున్నాను' అన్న వాక్యం అక్కడ అనవసరం. పాత ఫోటోలను చెరిపేయలేకపోతే, మీ చేతికి అందకుండా మరొకరి దగ్గర ఉంచండి. హెలెన్ ఫిషర్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రేమించినవారు కాదనగా ఇంకా ప్రేమిస్తూనే ఉన్న 15 మంది తమ ప్రియమైనవారి ఫోటోలు చూసినప్పుడు, బహుమతికీ తీవ్రమైన కోరికకూ సంబంధించిన మెదడు భాగాలు చురుకుగా పనిచేయడం స్కానింగులో కనిపించింది. వాటిలో కొన్ని కొకైన్ వ్యసనంలో పాలుపంచుకునే భాగాలే.

ఎంతకాలం పడుతుందన్నది అందరూ అడిగే ప్రశ్న. డటన్, పెయింటర్ అధ్యయనంలో ఆరు నెలలు గడిచాక మమకారం సుమారు 27 శాతం మాత్రమే తగ్గింది. అంటే, అర్ధ సంవత్సరం తరువాత కూడా ఒక పాట వినగానే మీ మనసు అటు లాగితే, మీరు తప్పు నిర్ణయం తీసుకున్నారని అర్థం కాదు, ఆ బంధమే గొప్పదనీ అర్థం కాదు. గుర్తుకు రావడాన్ని తిరిగి వెళ్లమన్న సూచనగా చదవకండి.

7. ఒక్కరికైనా చెప్పండి, వారు ఏం చేయాలో కూడా చెప్పండి

ఇలాంటి బంధాల్లో స్నేహితులు ఒక్కొక్కరుగా దూరమవుతారు. కొందరిని అవతలి వ్యక్తి దూరం చేస్తారు, కొందరు ఒకే కథ విని విని అలసిపోతారు. రెండోరకం వారిని తిరిగి కలిసినప్పుడు, సలహా ఇమ్మని అడగవద్దు. 'నేను మళ్లీ వెళ్తానని అన్న రోజున నన్ను తిట్టకు, ఈ పేజీ నాకు చదివి వినిపించు' అని మీ నోటుపుస్తకంలోని ఒక పేజీ నకలు ఇవ్వండి. ఏం చేయాలో తెలిసిన స్నేహితులు తొందరగా అలసిపోరు.

నిద్ర, ఆకలి, పని వారాల తరబడి దెబ్బతిన్నా, బతకాలనిపించకపోయినా, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులనో, మనస్తత్వ నిపుణులనో కలవండి. కౌన్సెలింగ్‌కు వెళ్లదలిస్తే ముందు ఒంటరిగా వెళ్లండి. హింస, భయం ఉన్న ఇంటి నుంచి ఇద్దరూ కలిసి వెళ్తే, భయపడేవారు అక్కడ నిజం చెప్పలేరు. చెబితే ఇంటికి వచ్చాక దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది.

8. కొత్త పరిచయంలో తొందరపడి తీర్పు చెప్పకండి

ఎదురుచూపులకూ, అలజడికీ అలవాటుపడినవారికి, చెప్పిన సమయానికి ఫోన్ చేసే మనిషి మొదట్లో చప్పగా అనిపిస్తారు. గుండె దడదడలాడకపోతే ప్రేమ లేదనుకొని, మంచి పరిచయాలను నెల తిరగకుండానే వదిలేసుకునేవారు ఎందరో. వెంటనే నచ్చకపోవడమే మంచి గుర్తని నేను అనడం లేదు. ఇష్టం లేని మనిషితో ఉండవలసిన పని ఎవరికీ లేదు. ఆ దడ సంతోషం వల్ల వచ్చిందా, ఈసారైనా వదిలేయరు కదా అన్న భయం వల్ల వచ్చిందా అని తేల్చుకునేంత వరకైనా ఆగండి. ఆ వ్యక్తిని కలిసి ఇంటికి వచ్చాక, నేను చెప్పాలనుకున్నది చెప్పగలిగానా, లేక వారికి నచ్చేదే వెతికి వెతికి మాట్లాడానా అని అడిగి చూసుకోండి. మొదటి నెలల్లోనే ఏదో ఒక చిన్న విషయంలో అభిప్రాయభేదం రానివ్వండి. అది రాకుండా మీరే అడ్డుపడుతుంటే, నాలుగో మెట్టులోని ప్రశ్నలను మరోసారి ముందు పెట్టుకోవలసిన సమయం వచ్చిందన్నమాట.